సవరణ: స్పాట్‌లైట్ల మసకకి కారణం వైరు కాదు, బల్బు

గాజువాక ఆటోనగర్‌లో పాత లారీ నుంచి విప్పిన స్పాట్‌లైట్లు రెండు కొని జీపుకి బిగించానని, వెలుగు మసకగా ఉంటే లావు వైరు వేయమని పోయిన వారం రాశాను. అది తప్పు. ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన అద్దం విప్పి చూపించారు: బల్బు అడుగు రేకు మీద మసి తుడిస్తే 24 వోల్టులు, 70 వాట్లు అని ఉంది. మన జీపు బ్యాటరీ 12. సగం వోల్టేజే అందుతోంది, అందుకే ఆ ఎర్రటి మసక.

12 వోల్టుల 55 వాట్ల హెచ్3 రకం బల్బులు అదే హోల్డర్‌లో సరిగ్గా కూర్చున్నాయి. రెండూ కలిపి 9 ఆంపియర్ల పైనే లాగుతాయి. రిలే (స్విచ్చి నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటుని కలిపే పరికరం), బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టండి. డాష్‌బోర్డు స్విచ్చికి నేరుగా కలపొద్దు. నా మాట విని వైరు కొనబోతున్నవాళ్లు ముందు బల్బు విప్పి చూడండి.