బన్‌గావ్ శిబిరం నుంచి మా ఇంటి చెంచా దాకా

పిల్లల డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారి మీద ఇంత మంచి వ్యాసం రాసినందుకు ధన్యవాదాలు. 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు సెలైన్ నిల్వలు అడుగంటాయి. ఆయన గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రముల్లో పోయించి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. డాక్టరు చేతిలోని వైద్యాన్ని తల్లి చేతిలో పెట్టడం, నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది అదే.

మా బాబుకి పది నెలలప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. టెన్షన్‌లో షాపుకెళ్లి ఓఆర్‌ఎస్ (అలాంటి ఉప్పు-గ్లూకోజు నీళ్లు కలుపుకునే పొడి ప్యాకెట్) అడిగితే తియ్యటి డ్రింకు డబ్బా చేతిలో పెట్టారు. అది తాగించాక ఇంకా ఎక్కువయ్యాయి. మర్నాడు ఆశా వర్కర్ అక్క వచ్చి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. సాయంత్రానికి వాడు ఏడిస్తే కన్నీళ్లొచ్చాయి. ఒంట్లో నీళ్లు తగ్గిపోయి, ముందురోజంతా ఆ కళ్లు పొడిగానే ఉన్నాయి మరి!

అలాంటి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ పేరు తీయించడానికి మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో నిషేధం వచ్చింది. ఆమె గురించి కూడా రాయండి, దయచేసి.

మహలనబిస్ గారికి పద్మవిభూషణ్ 2023లో, ఆయన పోయాక ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉండాల్సింది.