లోపం కదులుతుందా అని ఎందుకు నేర్పరు?

మా అన్న కొడుకు అనంతపురంలో ఇంటర్ రెండో సంవత్సరం. మొన్న కెమిస్ట్రీలో ఘనస్థితి పాఠం నాకు అప్పజెప్పాడు. స్ఫటికంలో కణాల వరుస అక్కడక్కడా తప్పితే దాన్ని లోపం అంటారు. వాటిలో రకాలైన షాట్కీ లోపం, ఫ్రెంకెల్ లోపం, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. "ఈ లోపాలు స్ఫటికంలో కదులుతాయా రా?" అని అడిగితే "అది పరీక్షలో రాదు చిన్నాయనా" అన్నాడు. చాలా బాధేసింది. వాడి మీద కాదు, అలా చదివిస్తున్న మనమీద.

అసలు సంగతంతా ఆ కదలికలోనే ఉంది. మా వీధిలో బోరు మోటార్లకు రీవైండింగ్ చేసే షాపుంది. అక్కడ రాగి తీగ ముక్క అడిగి తెచ్చుకుని ఒకేచోట వంచుతూ పోండి. మొదట మెత్తగా వంగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, ఆఖరికి విరుగుతుంది. పరమాణువుల వరుసల్లో ఉన్న తప్పులు జరుగుతాయి కాబట్టే తీగ వంగుతుంది. వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. 1934లో టేలర్, ఒరోవన్, పొలాన్యీ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు ఈ సంగతి చెప్పారు. వంచేకొద్దీ అవి పెరిగి, చిక్కుపడి, కదల్లేక ఆగిపోతాయి. అదే ముక్కను ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

సూపర్ కండక్టర్‌లో, అంటే బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు మోసే పదార్థంలో, ఇది తిరగబడుతుంది: అక్కడ లోపాలు కదలకుండా ఉండటమే కావాలి. పోయినేడు అమ్మకు కర్నూలులో ఎమ్మారై తీయించాం. బయట టెన్షన్‌తో కూర్చున్నప్పుడు ఆ మిషన్ గురించే ఆలోచించాను. మామూలుగా ఆ అయస్కాంతంలో ఉండేది నియోబియం-టైటానియం తీగ. ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంటుంది. అయస్కాంత క్షేత్రం ఆ తీగలోకి సన్నని సుడులుగా దూరుతుంది. ఆ సుడులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వరుసగా అల్లికలా సర్దుకుంటాయని 1957లో అబ్రికోసోవ్ చెప్పాడు. కరెంటు పారితే వాటిని తోస్తుంది. అవి కదిలాయంటే వేడి పుడుతుంది, నిరోధం వచ్చేస్తుంది. వాటిని మేకు కొట్టినట్టు పట్టి ఉంచేవి, తీగ తయారీలో కావాలనే పుట్టించిన టైటానియం రేణువులు. ఇక్కడ లోపాలంటే అవే. ఏ లోపమూ లేని తీగైతే అంత కరెంటు మోయలేదు.

అయితే కదలని లోపాలు ఊరికే పోవు. చెదురుమదురుగా పడి ఉన్న లోపాలు, బలహీనమైనవైనా సరే, దూరం పోయేకొద్దీ సుడుల వరుసను చెడగొడతాయని 1970లో లార్కిన్ చూపించాడు. మరి ఆ లోపాలే కదలగలిగి, సర్దుకునే వ్యవధి ఉంటే? అల్లికకు ఇబ్బంది లేని చోటికి పోయి కూర్చోగలవు, అప్పుడు క్రమం నిలిచే వీలుంటుంది. లోపాల సంఖ్య అంతే, ఫలితం మాత్రం వేరు. ఇంత అందమైన విషయాన్ని రెండు మార్కుల నిర్వచనంగా కుదించి పిల్లల చేతిలో పెడుతున్నాం!

ఆదివారం వాణ్ని రీవైండింగ్ షాపుకు తీసుకెళ్తున్నా. తీగ వాడి చేతికే ఇస్తాను.