‘ఫైల్’ మీద తిరుగుతున్న ఆ మెసేజీ నమ్మకండి

బరంపురం, రాయగడ వైపు పోటీ పరీక్షలకు చదివే మన తెలుగు పిల్లల గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. ఇంగ్లీషులో ఫైల్ అంటే కాగితాలు పెట్టుకునే అట్ట ఒక్కటేనట. కేసు ఫైల్ చేయడం, రిటర్న్ ఫైల్ చేయడం మన గుమాస్తాలు పుట్టించిన తప్పుడు వాడుకట. గోళ్లు అరగదీసే ఫైల్ కూడా అందులోంచి వచ్చిందేనట. మనుషులకూ జ్ఞాపకాలకూ ఆ మాట వాడితే తప్పట. ఎఫ్‌ఐఆర్‌లో ఎఫ్ అంటే ఫైలట. ఇది చదివి టెన్షన్ పడి, సరిగ్గా రాసిన వాక్యాల్ని కూడా కొట్టేస్తున్న పిల్లలున్నారు. నాకు బాధ అక్కడే.

అట్ట వచ్చింది తర్వాత, ముందున్నది దారం. లాటిన్‌లో ఫీలుమ్ అంటే దారం, అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. పూర్వం అక్కడి కచేరీల్లో కాగితాలను దారానికో తీగకో వరసగా గుచ్చి ఉంచేవారు, దాన్నే ఫైల్ అన్నారు. మన బజారులో పాత బట్టల కొట్టుకు వెళ్లి చూడండి. గల్లాపెట్టె పక్కన చెక్క దిమ్మకు దిగ్గొట్టిన ఇనుప చువ్వ ఉంటుంది. బేరం అయిన ప్రతి బిల్లునూ షావుకారు దాని మొనకు గుచ్చి కిందికి నొక్కేస్తాడు. పొద్దుటి బిల్లు అడుగున, ఇప్పటిది పైన. ఫైల్ చేయడమంటే అచ్చంగా ఆ పనే. ఆఫీసులో కన్నం పొడిచి ట్యాగు దూర్చడమూ అంతే.

ఇక కేసు. కోర్టుకిచ్చిన కాగితం రికార్డులో చేరితేనే దానికి విలువ. అందుకే ఈ వాడుక ఇంగ్లండు కోర్టుల్లోనే శతాబ్దాల కిందట స్థిరపడింది, మన గుమాస్తాలకు దీనితో సంబంధం లేదు. ఇవాళ అమెరికాలోనూ విడాకులకు ఫైల్ చేస్తారు, పన్ను రిటర్న్ ఫైల్ చేస్తారు, విలేకరి వార్త ఫైల్ చేస్తాడు. ఈ-ఫైలింగ్‌లో కాగితమే లేదు, అయినా పద్ధతి ప్రకారం అందజేయడం అన్న అర్థం చెక్కుచెదరలేదు.

గోళ్ల ఫైల్ వేరే మాట. అది ఆకురాయి, లాటిన్‌తో పనిలేకుండా పాత ఇంగ్లీషులోనే ఉంది. స్పెల్లింగు కలిసిందంతే.

మనుషులకు వాడకూడదన్నది మరీ అన్యాయం. దారం నుంచి వరస అనే అర్థం వచ్చింది కాబట్టే, ఒకరి వెనక ఒకరు నడిస్తే సింగిల్ ఫైల్. సైన్యంలో పక్కపక్కన నిలబడితే ర్యాంక్, ముందూ వెనకా నిలబడితే ఫైల్. ఆ రెండూ కలిసి ‘ర్యాంక్ అండ్ ఫైల్’ అయి, మామూలు సిపాయిలనీ, తర్వాత యూనియన్లలో, పార్టీల్లో మామూలు సభ్యులనీ అర్థమిచ్చాయి. చదరంగం పలక మీద నిలువు గళ్ల వరసలు ఎనిమిదీ ఫైళ్లే. విన్న సంగతిని మనసులో దాచుకోవడాన్ని ‘ఫైల్ అవే’ అంటారు. పరీక్షలో ధైర్యంగా రాయొచ్చు.

చివరిది తేలిగ్గా వదిలేసేది కాదు. ఎఫ్‌ఐఆర్‌లో ఎఫ్ అంటే ఫస్ట్, అంటే పోలీసులకు అందిన మొదటి సమాచారం. మీరు ఫిర్యాదు కాగితం ఇవ్వడం ఒకటి, స్టేషన్‌లో దాన్ని ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయడం మరొకటి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ పద్ధతి చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, పాత చట్టంలోనూ ఇదే ఉండేది. ‘ఫైల్ చేశాంలే, వెళ్లండి’ అంటే నంబరున్న ఆ నకలు అడిగి తీసుకునే రండి.