క్రేప్ బ్యాండేజ్ గారికి ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం,
ఎం.వి.పి. కాలనీ.

మహారాజశ్రీ క్రేప్ బ్యాండేజ్ గారి సముఖానికి,

ఒక ఎడమ కాలి యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఉభయుల్లో నేను కుశలంగా లేను. కాలు దిండ్ల మీద ఉంది, నేను మంచం మీద ఉన్నాను. తమరు మాత్రం ఎప్పట్లాగే కులాసా.

మా ఇంట్లో తమరి హోదా నాకు తెలియనిది కాదు. మందుల డబ్బా అని మేం పిలుచుకునే ఆ పాత బిస్కెట్ల డబ్బాలో గడువు తీరిన సిరప్పులు, పిండి పిండి ముడతలు పడిన ఆయింట్‌మెంట్ ట్యూబులు, ఎవరిదో తెలియని కళ్ళజోడు అన్నీ అడుగున పడుంటే, పైన చుట్ట చుట్టుకుని తమరు. కొన్నప్పుడు గంధం రంగు. ఏళ్ళ తరబడి పసుపూ, బామూ పీల్చి ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. తమరితో వచ్చిన రెండు పళ్ళ క్లిప్పుల్లో ఒకటి ఏనాడో పోయింది, దాని ఉద్యోగం అమ్మ పిన్నీసు చేస్తోంది. నాన్న మోకాలు పట్టేసినా, పిన్ని మణికట్టు బెణికినా, చివరికి కుక్కర్ మూత పడి బొటనవేలు వాచినా కబురు తమరికే. ఎముకల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకోవాలి. తమరికి డబ్బా మూత తీస్తే చాలు.

ఏయూ గ్రౌండ్లో వాలీబాల్ ఆడుతూ, నెట్ దగ్గర బ్లాక్‌కి ఎగిరి, అవతలి జట్టువాడి బూటు మీద దిగిన సాయంత్రం కూడా అంతే. పాదం లోపలికి తిరిగిపోయింది. లోపల ఏదో 'టప్' మంది. ఆడేవాళ్ళంతా చుట్టూ మూగారు. "వేళ్ళు కదుపు గురూ. కదుల్తున్నాయా? అయితే ఏటవలేదు." మా ఊళ్ళో ఎముకల శాస్త్రం మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. కెనడాలో ఒట్టావా డాక్టర్లు పాపం 1992లో కూర్చుని, నాలుగడుగులు వేయగలడా, చీలమండ గూడ ఎముకల వెనక అంచు నొక్కితే నొప్పి ఉందా అని చూసి ఎక్స్‌రే అవసరమో కాదో తేల్చమని నియమాలు రాశారు. వేళ్ళు కదిలించి చూస్తే పోయేదానికి ఎంత శ్రమపడ్డారో! ఎక్స్‌రేలో తీరా ఎముక విరగలేదనే వచ్చింది. దాంతో గ్రౌండు తీర్పు ఖాయమైంది, అమలు చేసే బాధ్యత తమరికి అప్పగించారు.

న్యాయంగా మాట్లాడాలంటే, తమరికి చేతనైన పని ఒకటుంది. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఎనిమిది అంకె వేస్తూ పైకి చుట్టుకుంటూ పోతే వాపు అదుపులో ఉంటుంది. వేళ్ళు చల్లబడినా, నీలం తిరిగినా విప్పి కాస్త వదులుగా కట్టాలి. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు రెస్ట్, ఐస్, కంప్రెషన్, ఎలివేషన్ అని నాలుగు మాటలు చెప్పాడు చూశారా, అందులో మూడోది తమరే. ఐసు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో ఆయనే వెనక్కి తగ్గాడు. మా వీధిలో ఆ రెండో వార్త ఇంకా అందలేదు. మొదటిది అందడానికే చాలా కాలం పట్టింది.

కానీ చీలమండ బయటి వైపు మూడు లిగమెంట్లుంటాయి. పాదం లోపలికి తిరిగినప్పుడు ముందుగా దెబ్బతినేది ముందువైపున్నది, ఏ.టి.ఎఫ్.ఎల్. అంటారు దాన్ని. ఎముకని ఎముకకి పట్టి ఉంచడం దాని పనుల్లో సగమే. పాదం ఏ వంపులో ఉందో మెదడుకి ఎప్పటికప్పుడు కబురు పంపడం మిగతా సగం. అది తెగాక కబురు అందేసరికి కాలు మడతపడిపోయి ఉంటుంది. ఆ కబుర్లు మళ్ళీ నడవాలంటే వ్యాయామం చేయించాలి, కాలి బయటి వైపు కండరాలకి బలం రావాలి. తమరా, చర్మం మీద కూర్చుంటారు. తమరు ఊళ్ళో ఉన్న సంగతి కూడా లోపలి లిగమెంటుకి తెలియదు.

అయినా ఆర్టీసీ బస్సు మెట్టు దిగుతూ మడతపడితే తమరే వచ్చారు. ఆర్కే బీచ్ ఇసకలో మడతపడితే తమరే. ప్రతిసారీ వాపు తనంతట తను తగ్గింది, ప్రతిసారీ పేరు తమరికొచ్చింది.

చివరికి డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు తమరు కూడా ఉన్నారు, గుర్తుండే ఉంటుంది. "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని ఆయన అడిగారు. నాన్న ఛాతీ విరుచుకుని "క్రేప్ బ్యాండేజ్ కట్టాం సార్" అన్నారు. "అది సరేనండీ, వైద్యం ఏం చేయించారు?" అన్నారాయన. తమరిని విప్పి బల్ల మీద పడేసి, ఒక చేత్తో కాలు ముందువైపు అదిమి, రెండో చేత్తో మడమ పట్టుకుని ముందుకు లాగారు. పాదం సొరుగులా జారి వచ్చింది. కుడికాలు లాగితే రాలేదు. ఎం.ఆర్.ఐ.లో ముందు లిగమెంటు పూర్తిగా తెగిందని, రెండోది సాగిందని వచ్చింది. అదృష్టం బాగుండి మృదులాస్థి బాగానే ఉంది.

ఇంత చూసి కూడా ఆయన కత్తి పట్టుకోలేదు. ఎం.ఆర్.ఐ.లో తెగినట్టు కనిపించినంత మాత్రాన కోయక్కర్లేదట. మూడు నుంచి ఆరు నెలలు సరిగ్గా ఫిజియోథెరపీ చేస్తే చాలామంది కాళ్ళు కుదుటపడతాయట. సరేనని చేశాను. రబ్బరు బ్యాండు లాగాను, ఊగే చెక్క మీద నిలబడ్డాను, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. "డబ్బులిచ్చి ఒంటికాలి మీద తపస్సేంట్రా, ప్రత్యక్షమయ్యే దేవుడెవడు?" అని నాన్న రోజూ అడిగేవారు. కండ బలపడింది. కాలు మాత్రం చదునైన రోడ్డు మీద కూడా మోసం చేస్తూనే వచ్చింది.

అప్పుడు మా హాల్లో ఆపరేషన్ మీద మహాసభ జరిగింది. తమరు అధ్యక్ష స్థానంలో, అంటే టీవీ పక్కన ఉన్నారు. పోర్టులో రిటైరైన పెదనాన్న "కోస్తే కాలు మునుపట్లా ఉండదు" అని ప్రారంభోపన్యాసం చేశారు. సున్నం, పసుపు కలిపి పట్టు వేసి పైన తమరిని కట్టమని పిన్ని. పక్కింటి ఆంటీ పుత్తూరు కట్టు అన్నారు. అది తమరికి పెద్దన్న వరస అవుతుందనుకుంటా. "2022 కామన్వెల్త్‌లో సింధు కాలికి కట్టుతోనే గోల్డ్ కొట్టలేదా?" అన్నాడు తమ్ముడు. కొట్టింది. తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళలేక, 2023 జనవరి దాకా కోర్టుకి దూరంగా ఉంది. కథలో ఆ సగం ఎవరూ ఫోన్లో ఫార్వర్డ్ చేయరు. 2023 ప్రపంచ కప్‌లో చీలమండ దెబ్బతిన్న హార్దిక్ పాండ్యా పేరు కూడా వచ్చింది. పాండ్యా వెనక అప్పుడు బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ ఉంది. నా వెనక బిస్కెట్ల డబ్బాలో తమరున్నారు.

అమ్మ ఈ చర్చలో పాల్గొనలేదు. నేరుగా సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. ఆపరేషన్ లేకుండా తగ్గితే నా చేత గిరి ప్రదక్షిణ చేయిస్తుందట. 32 కిలోమీటర్లు, ఇదే చీలమండతో! ఆ మొక్కు విన్నాకే ఆపరేషన్ వైపు నా మనసు గట్టిగా మొగ్గిందని స్వామి ముందైనా ఒప్పుకుంటాను.

అసలు నిర్ణయం మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర తెగింది. డాక్టరు గారు నొప్పి ఎంత అని అడగలేదు. "ఎగుడుదిగుడు నేల మీద ఆ కాలిని నమ్మి అడుగేయగలరా?" అని అడిగారు. వేయలేను. బీచ్ రోడ్డులో నడిచినా కళ్ళు పేవ్‌మెంట్ రాళ్ళ మీదే. అక్కడికి వెళ్తూనే ఉన్నాను గానీ సముద్రాన్ని చూసి చాలా కాలమైంది. ఇలా మడతపడుతూ పోతే ఇవాళ బాగున్న మృదులాస్థి రేపు అరిగిపోతుందని కూడా ఆయన చెప్పారు. కుట్ల దగ్గర చీము పట్టొచ్చు, చర్మంలో కొంత మేర స్పర్శ పోవచ్చు, కీలు బిగుసుకోవచ్చు, పిక్కలో రక్తం గడ్డకట్టొచ్చు అని కూడా దాచకుండా చెప్పి సంతకం పెట్టించుకున్నారు. తమరి అట్టపెట్టె మీద ఇలాంటి హెచ్చరికలేమీ లేవని అమ్మ నాకు గుర్తుచేసింది.

చేసిన ఆపరేషన్ పేరు బ్రోస్ట్రోమ్. స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ 1966లో చెప్పిన పద్ధతి. దానికి 1980లో గౌల్డ్ అనే సర్జన్ పక్కనున్న పొరని కూడా లాగి పైన కుట్టే ఏర్పాటు కలిపాడు. కొత్త లిగమెంటు ఎక్కడినుంచో తెచ్చి పెట్టరు. తెగి, సాగిపోయిన పాతదాన్నే పొట్టి చేసి, ఎముకలో చిన్న యాంకర్లు దింపి బిగించి కుడతారు.

రాత్రి నుంచి పస్తు. పొద్దున్నే ఎడమ కాలి మీద స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు వేశారు. వెన్నులో సూది పడ్డాక నడుం కింద ప్రపంచం నాది కాకుండా పోయింది. ఓటీ అబ్బాయి ఎవరిదో కాలు పైకెత్తి తొడకి పట్టీ బిగిస్తుంటే చూస్తున్నాను. బాణం గుర్తు కనపడ్డాక తెలిసింది, అది నాదేనని. తెర అవతల డ్రిల్ శబ్దం. ఇవతల మత్తు డాక్టరు గారు నా తలగడ దగ్గర నిలబడి, వాలీబాల్లో ఏ ప్లేసులో ఆడతావని ఆరా. మొత్తానికి భయపడినంత ఏమీ లేదు. మత్తు దిగిన రాత్రి సంగతి వేరు, అది తమరికి రాసి లాభం లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. వార్డులో దుప్పటి తొలగించి చూసుకుంటే, పిండికట్టు మీద పాదం నుంచి మోకాలి దాకా ఎనిమిది అంకెలు వేస్తూ, కొత్త బట్టల్లో, సాక్షాత్తూ తమరే! తమరిని వదిలించుకోవడానికి ఇంత చేస్తే, ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా వచ్చేశారు. అదీ ఇద్దరు, ఆరంగుళాల వెడల్పువి. రెండు వారాలు కాలు నేల మీద మోపకూడదు. కుట్లు విప్పాక బూటు, ఆ పైన కొంచెం కొంచెంగా బరువు, మళ్ళీ ఒంటికాలి తపస్సు. గ్రౌండుకి వెళ్ళడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. అందులో మొదటి అంకమంతా తమరితోనే కాపురమన్నమాట.

డిశ్చార్జ్ రోజు బీమా వాళ్ళ లెక్క వచ్చింది. ఎముకలో దింపిన యాంకర్లకి ఇచ్చారు, ఓటీకి ఇచ్చారు, మత్తుకి ఇచ్చారు. తమరికి పైసా ఇవ్వలేదు. బీమా నియంత్రణ సంస్థ జాబితాలో మామూలు పాలసీ చెల్లించనక్కర్లేని వస్తువులు కొన్నున్నాయి. పసిపిల్లల ఆహారం, మినరల్ వాటర్, టెలిఫోన్ చార్జీలు, డైపర్లు, వాటి మధ్యన క్రేప్ బ్యాండేజ్. పెదనాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇది అన్యాయమని, ఫిర్యాదు చేయాల్సిందేనని లేచారు. ఇన్నేళ్ళలో తమరిని వైద్యం కింద లెక్కగట్టనిది ఆ ఒక్క సంస్థే కదా అని నేను సంతోషపడుతుంటే, అమ్మ బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంది.

"ఇవ్వకపోతే పోనీలెండి బావగారూ, కట్టు విప్పాక ఆ రెండూ ఉతికి దాస్తాను. పాతదానికి క్లిప్పు కూడా లేదు."

ఇట్లు,
తమరి కింద ఇరుక్కున్న
ఎడమ కాలి యజమాని