పిల్లాడి పిక్కలు పట్టేస్తే: ఎవరూ చెప్పని రెండు ముక్కలు

జ్వరం తగ్గిపోయిందని నిశ్చింతగా పడుకున్న మర్నాడు పిల్లాడు నడవలేకపోతే తల్లి ప్రాణం ఎలా కొట్టుకుంటుందో నాకు ఇప్పుడు తెలుసు. పోస్ట్ పెద్దదే. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళు ఓపిక చేసుకుని చదవండి.

మావాడికి 7 ఏళ్ళు. నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ముక్కు కారడం. ఐదో రోజుకి ఒళ్ళు చల్లబడింది, ఇడ్లీ అడిగి మరీ తిన్నాడు. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే "అమ్మా" అని ఒకటే కేక. వెళ్ళి చూస్తే మంచం దిగి, గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. మడమ కింద పెట్టు నాన్నా అంటే ఏడుపు. పిక్కల మీద చెయ్యి వేయనివ్వలేదు. బాత్రూమ్ దాకా ఎత్తుకునే తీసుకెళ్ళాను.

మా అత్తయ్య దిష్టి తీసి, ఆముదం వెచ్చచేసి తెచ్చారు. పక్కింటావిడ పోలియో ఏమో అంది. మా ఆయన ఫోన్‌లో వెతికి జీబీఎస్ (గులియన్ బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడే జబ్బు) అన్నారు. 2025 మొదట్లో పూణేలో ఆ కేసులు వచ్చినప్పుడు టీవీలో రోజూ చూశాం కదా, ఆ మాట వినగానే నా కాళ్ళు వణికాయి. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో పిల్లాడి కాలు ముట్టుకోకముందే అడ్మిషన్, ఎమ్మారై, వెన్నులో నీరు తీసే పరీక్ష అన్నారు. వద్దని ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

ఆవిడ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఠక్కున ఎగిరింది. జీబీఎస్‌లో సాధారణంగా ఇలా ఎగరదమ్మా అన్నారు. తర్వాత అడిగారు: "మూత్రం ఏ రంగులో వస్తోంది?" నాకు తెలీదు. పొద్దున్నుంచి అంత టెన్షన్ పడ్డాను గానీ ఆ ఒక్కటి చూడలేదు.

ఇది వైరల్ మయోసైటిస్. ఫ్లూ తర్వాత, ముఖ్యంగా బి రకం ఫ్లూ తర్వాత, కొందరు పిల్లలకి కండరాలు వాస్తాయి. ఎక్కువగా పిక్కలే. మగపిల్లల్లో ఎక్కువ. జ్వరం తగ్గుతుండగా మొదలై, చాలామందిలో వారం లోపు దానంతటదే పోతుంది. దెబ్బతిన్న కండరంలోంచి సీపీకే అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. మామూలుగా 200 దాకా ఉండేది మావాడికి 4,000 దాటింది. లివర్ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము కూడా పెరిగింది. రిపోర్టు చూసిన మా మరిది లివర్ దెబ్బతింది వదినా అని కంగారుపెట్టాడు. ఆ ఎంజైము కండరంలో కూడా ఉంటుందని డాక్టరు గారు చెబితేగానీ మాకు తెలీదు.

నా కోపమంతా ఇక్కడే. 1957లోనే స్వీడన్‌లో లుండ్‌బెర్గ్ అనే డాక్టరు ఈ పిక్కల నొప్పి గురించి రాశారట. ఇంత పాత సంగతి, ఇంత మామూలు సంగతి! జ్వరానికి ఐదు మందులు రాసిచ్చిన డాక్టరు గారు మాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పొద్దుట మేము అలా అల్లాడేవాళ్ళం కాదు. వైరల్ అంతే, తగ్గిపోతుంది అన్నారు. నిజమే, తగ్గింది. కానీ ఎక్కడో ఒకరికి తగ్గదు. కండరం బాగా కరిగితే అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి దిగి, మూత్రం టీ డికాషన్ రంగుకి మారుతుంది. కిడ్నీలు దెబ్బతినొచ్చు. అది చూసి కూడా వేడి చేసిందని మజ్జిగ తాగించే ఇళ్ళు మనవి.

మన తప్పూ ఉంది. ఒళ్ళు నొప్పులంటే ఒక సూది వేయించుకుంటేగానీ మనకి తృప్తి ఉండదు. ఆ జ్వరం డెంగ్యూ అయితే? సూది పొడిచిన చోట లోపల రక్తం గూడుకట్టొచ్చు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచొచ్చు. కండరం కరుగుతున్నప్పుడు అవే మందులు కిడ్నీకి ఇంకో దెబ్బ. పెద్దవాళ్ళకీ చెబుతున్నా, జ్వరం తగ్గిన రెండో రోజే జిమ్‌కి వెళ్ళి బరువులెత్తకండి.

మావాడికి ఇచ్చింది పారాసిటమాల్, నీళ్ళు, విశ్రాంతి. అంతే. మూడు రోజులు ప్రతిసారీ తెల్ల మగ్గులో పోయించి ట్యూబ్‌లైట్ కింద పట్టి చూశాను. నాలుగో రోజు పొద్దున మడమలు నేలకి ఆనించి వంటింట్లోకి నడిచొచ్చాడు. గరిటె వదిలేసి పట్టుకుని ఏడ్చేశాను.

మొన్న జ్వరానికి చూసిన డాక్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మందుల చీటీ కింద అచ్చు వేయించమని కాగితం మీద నేనే రాసి ఇచ్చాను: "జ్వరం తగ్గాక పిల్లలకు పిక్కలు నొప్పి చేసి నడవలేకపోతే మాకు చూపించండి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కాళ్ళలో బలం తగ్గుతున్నా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి."