గుర్రపుశాలలో గుర్రం ఒక్కటే అడ్డం

గుర్రపుశాల కట్టేముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. అది ఎవరి కోసం? గుర్రం కోసమే అని తడుముకోకుండా చెప్పేవారికి ఈ వ్యాసంతో పనిలేదు. ఫొటోల కోసం, వచ్చిపోయే చుట్టాల కోసం, తలుపు మీద ఇత్తడి అక్షరాల పేరు కోసం కట్టుకునేవారికే ఈ నాలుగు ముక్కలు.

ముందు కొలతలు. మామూలు గుర్రానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది కావాలని తెలిసినవాళ్లు చెబుతారు. ఈనబోయే ఆడగుర్రానికి ఇంకా పెద్దది కావాలట. నిలబడి నిద్రపోయే జంతువుకు ఇంత చోటెందుకు? నిజమే, కునుకు నిలబడే తీస్తుంది. గాఢనిద్ర కావాలంటే మాత్రం రోజూ కాసేపు నేల మీద పడుకోవాల్సిందే. పడుకున్నది ఊరుకోదు, పొర్లుతుంది. ఇరుకు గదిలో పొర్లితే కాళ్లు గోడకు ఆని, మళ్లీ లేవలేక అక్కడే ఇరుక్కుపోతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు, అర టన్ను బరువున్న ప్రాణి గోడను తన్నుతుంటే, ఆ డెక్కలకు అందకుండా తాడు వేసి ఇవతలికి లాగే భాగ్యం అందరికీ దక్కదు. కాబట్టి గది ఎనిమిదడుగులకు కుదించి, మిగిలిన చోట సోఫాలు వేయించుకోండి. ఎలాగూ ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు, కూర్చోవడానికి పనికొస్తాయి.

తర్వాతది గాలి. దీన్ని ఎక్కడికక్కడ ఆపాలి. మనకు చలేస్తే గుర్రానికీ చలేస్తుందని కిటికీలన్నీ బిగించడాన్ని ప్రేమ అంటారు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికి ముక్కు ఒక్కటే దారి. మూత్రంతో తడిసిన పడకలోంచి వచ్చే అమ్మోనియా ఘాటు నేల దగ్గరే ఎక్కువ. మనం అయిదడుగుల పైన ముక్కు పెట్టుకుని "వాసనేం లేదే!" అంటాం. కింద పడుకున్న గుర్రప్పిల్లను ఎవరూ అడగరు. కొందరు మొండివాళ్లు చూరు కింద, పైకప్పు కొన దగ్గర ఖాళీలు వదిలి, వేడిగాలి పైనుంచి పోయేలా కడతారు. వాళ్ల శాలలు ఫొటోలో ఏమంత బాగుండవు. వాళ్ల గుర్రాలకు దగ్గు ఉండదు, అంతే.

ఎండుగడ్డి గుర్రాల తల మీదే, అటక నిండా పేర్చండి, చూడముచ్చటగా ఉంటుంది. సరిగా ఆరని గడ్డి తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. ఎలుకలు కొరికిన వైరు, జాలీ లేని బల్బు తోడైతే ఇక చెప్పేదేముంది. బయటకు తీసిన గుర్రం కూడా భయంతో మళ్లీ మంటల్లోకే పరుగెత్తవచ్చు, దానికి ఇల్లంటే అదే మరి. దాన్ని పట్టి నడిపించడానికి ప్రతి తలుపు పక్కనా తలపట్టీ, తాడు వేలాడదీయమంటారు గానీ, డిజైన్ పాడవుతుంది. నేల మీద పరిచే పొట్టు నల్ల వాల్‌నట్ చెక్కదైతే రంగు అదిరిపోతుంది. దాని మీద నిలబడిన గుర్రానికి ఒక్క రోజులోపే గిట్టల వాపు కూడా రావచ్చు. గుర్రాన్ని చూస్తే కాళ్లనొప్పులు అంటారు. శాల కట్టినవాణ్ణి చూస్తే గుర్రానికి వచ్చే కాళ్లనొప్పుల మీద సామెత ఇంకా పుట్టలేదు.

ఇక గడియ. నిజానికి ఈ వ్యాసమంతా దీనికోసమే. నాకు తెలిసిన ఒకాయన తలుపులన్నిటికీ తళతళలాడే ఇత్తడి గడియలు పెట్టించారు. "కింద ఇంకో గడియ ఉంటే మంచిదండీ, కాలితో తోసేది" అన్నాను. "తలుపుకు రెండు గడియలా? జైలనుకున్నారా?" అన్నారు. వారం తిరగకుండానే రాత్రిపూట తలుపులు తెరుచుకోసాగాయి. దొంగలన్నారు. పనివాళ్ల మీద అనుమానపడ్డారు. ఆఖరికి కెమెరా పెట్టారు.

ఆ వీడియో నేనూ చూశాను. గుర్రం ముందు అటూ ఇటూ చెవులు తిప్పింది. తర్వాత తల బయటపెట్టి పై పెదవిని గడియ మీద ఆనించింది. ఆ పెదవి మన చూపుడువేలికి ఏమాత్రం తీసిపోదు. రెండుసార్లు నిమిరి, పిడిని పైకెత్తి, పక్కకు లాగింది. బయటికొచ్చి పక్క గది గడియ కూడా తీసింది, స్నేహధర్మం. ఇద్దరూ కలిసి దాణా గదికి నడిచారు. దానికి తాళం లేదు. గుర్రాలు వాంతి చేసుకోలేవు, తిన్నది ఎంతైనా లోపలికే పోవాలి. అతిగా దాణా తింటే కడుపునొప్పి ప్రాణం మీదకు తెస్తుంది. పశువైద్యుడు తెల్లవార్లూ అక్కడే ఉన్నారు, రెండూ బతికి బట్టకట్టాయి.

మొన్న వెళ్తే ఆయన సంతోషంగా చూపించారు. దాణా గదికి తాళం పడింది. ఇత్తడి గడియలు మాత్రం మార్చలేదు, పైన తాడుతో గట్టిగా ముడివేయించారట. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ గుర్రం తల బయటపెట్టి, ఆ ముడిని పెదవితో తడుముతూనే ఉంది.