నర్సింగ్ మానేయమనే ముందు గ్లవ్స్ పెట్టె చూడండి

బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న మా బంధువుల అమ్మాయికి లేటెక్స్ (ఆసుపత్రి గ్లవ్స్ తయారీలో వాడే సహజ రబ్బరు) ఎలర్జీ అని తేలింది. ఇక ఇంటిల్లిపాదీ సలహాదారులే. ‘బ్యాంకు పరీక్షలు రాసుకోమను’ అని బాబాయి. ‘పెళ్లి సంబంధాలు చూసే వయసు, బయట చెప్పకండి’ అని అత్తయ్య. ఏళ్లుగా వార్డులో పనిచేస్తున్న నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

గ్లవ్స్ వాడిన ఒకటి రెండు రోజులకు చేతులు ఎర్రబడి పగిలితే, అది చాలాసార్లు తయారీలో కలిపే థయురామ్ వంటి రసాయనాల పని. అవి కృత్రిమ రబ్బరుతో చేసే నైట్రైల్ గ్లవ్స్‌లోనూ ఉండవచ్చు. వేసుకున్న నిమిషాల్లోనే దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం వస్తే అది రబ్బరు పాలలోని ప్రొటీన్లకు వచ్చే ఎలర్జీ. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. మా అమ్మాయిది ఈ రెండో రకం. అరటిపండు తింటే నోరు దురద పెడుతోందని చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. తిండికి వంకలు పెడుతోందని తిట్టారు. అరటి, కివీ, అవకాడోలలో లేటెక్స్‌ను పోలిన ప్రొటీన్లుంటాయి మరి.

నా కోపమంతా పొడి చల్లిన లేటెక్స్ గ్లవ్స్ మీద. తీసేటప్పుడు లేచే ఆ తెల్లటి దుమ్ము మొక్కజొన్న పిండి. రబ్బరు ప్రొటీన్లను అంటించుకుని గాలిలో తేలుతుంది. ఈ పిల్ల నైట్రైల్ వేసుకున్నా, పక్క మంచం దగ్గర ఇంకో సిస్టర్ పొడి గ్లవ్స్ విప్పితే చాలు, ఊపిరి బిగుసుకుంటుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ వీటిని 2017 జనవరి నుంచి నిషేధించింది. నేను మాత్రం ఇప్పటికీ ఆ పెట్టెలు చూస్తూనే ఉన్నాను.

ఈ మాట ఒకచోట ఎత్తితే ‘ఒక్కరి కోసం అందరికీ మారుస్తామా?’ అన్నారు కొనుగోళ్లు చూసే పెద్దమనిషి. ఒక్కరేమిటండీ? స్పైనా బిఫిడాతో (వెన్నెముక సరిగా మూసుకోని లోపంతో) పుట్టి పదేపదే ఆపరేషన్లు చేయించుకునే పిల్లలకు ఈ ఎలర్జీ ముప్పు ఎంత ఎక్కువో ఆయనకు తెలుసా? నైట్రైల్ ఖరీదు ఎక్కువంటారు. ఎమర్జెన్సీలో పడిన నర్సు వైద్యం ఏ పద్దులో రాస్తారో చెప్పమనండి.

పైగా దారి లేక కాదు. వార్డుకు నైట్రైల్, ఆపరేషన్ థియేటరుకు నియోప్రీన్ లేదా పాలీఐసోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్, మూత్రానికి పెట్టే గొట్టం (ఫోలీ కాథెటర్) కావాలంటే పూర్తి సిలికాన్‌ది. రక్తం తీసేటప్పుడు చేతికి బిగించే పట్టీ (టూర్నికేట్) కూడా లేటెక్స్ లేనిది దొరుకుతుంది.

దాచమన్న అత్తయ్యకు ఒక మాట. రేపు కాన్పుకో, పన్ను పీకించుకోవడానికో ఈ పిల్లే పేషెంటుగా వెళ్తుంది. అక్కడివాళ్లకు తెలియకపోతే? అందుకే కాలేజీలో, క్లినికల్ పోస్టింగులో, చివరికి పెళ్లివారికి కూడా చెప్పాల్సిందే. ఎలర్జీ ముదిరితే ప్రాణం కాపాడే, డాక్టరు రాసిచ్చిన ఆడ్రినలిన్ ఇంజెక్షన్ వెంట ఉండాలి. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే జీతం సంగతి తర్వాత, ముందు ‘మీ దగ్గర ఏ గ్లవ్స్ వాడతారు?’ అని అడగమన్నాను. పొడివే అంటే ఇంకో ఆసుపత్రి చూసుకుంటుంది.